వెల్లుల్లి లేని వంటగది

ఉద్యోగంలో ఆఖరి రెండేళ్ళు నేను ఏ వాసనా తెలియకుండా వంట చేశాను. మూడు షిఫ్టుల కార్మికులు తినే క్యాంటీన్‌కు నేనే పెద్ద వంట మేస్త్రిని. ఈ సంగతి అప్పట్లో ఎవరికీ తెలియదు. ఇప్పుడు వంటశాలల్లో పనికి చేరుతున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. గొప్పలు చెప్పుకోవాలంటే నా దగ్గర వేరే కథలున్నాయి. ఇది ఆ కోవలోది కాదు.

మాది విశాఖ వన్‌టౌన్. నాన్న పెళ్ళిళ్ళకు బిర్యానీ వండేవాడు. నేను ఆయన వెనకాల తిరిగి కట్టెపొయ్యి దగ్గర పని నేర్చుకుని, తర్వాత ఒక కర్మాగారం క్యాంటీన్‌లో చేరాను. పేరు అనవసరం. ఊరికి దక్షిణాన అలాంటివి చాలా ఉన్నాయి. నేను చేరిన కొన్నేళ్ళకు సబ్బవరం వైపు నుంచి ఒక రైతు కుటుంబం మనిషి నా పక్క పొయ్యికి వచ్చాడు. వరసలేమీ లేకపోయినా మొదటి వారంలోనే నన్ను బావా అన్నాడు. నేనూ అతన్ని అలాగే పిలిచాను. ఇరవై రెండేళ్ళు నా ఎడమ పక్కన నిలబడి వండాడు.

పోపు మాత్రం అతని చేతిదే. వెల్లుల్లి రెబ్బలు పొట్టుతోనే చితక్కొట్టి, ఎండుమిర్చితో కలిపి నూనెలో వేసేవాడు. మాడిపోతోందని చూసేవాళ్ళకు కంగారు పుట్టేదాకా కదిలేవాడు కాదు. అప్పుడు ఒక్క ఊపున తీసి పప్పులో ఒంపేవాడు. ఆ వాసనకి బయట వరసలో నిలబడ్డవాళ్ళు మెడలు సాచి లోపలికి చూసేవారు. నేనెన్నిసార్లు ప్రయత్నించినా నాది ముందే తీసినట్టుండేది, లేకపోతే మాడేది.

కరోనా రెండోసారి ఊరి మీద పడ్డప్పుడు ఫ్యాక్టరీ ఆగలేదు. క్యాంటీనూ ఆగలేదు. మావాళ్ళలో సగం మంది సెలవులో ఉన్నారు. ఒక పొద్దున్న నాకు ఒళ్ళు వెచ్చబడింది. నేను కూడా మానేస్తే పొయ్యి వెలగదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. మాత్ర వేసుకుని రెండు రోజులు డ్యూటీ చేశాను. మాస్కు కిందికి లాగి సాంబారు రుచి చూసి, అదే గరిటె బావ చేతికిచ్చాను. ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు ఇద్దరం పడిపోయాం. చెరో ఆసుపత్రిలో చేర్చారు. పదిహేను రోజులకు నేను ఇంటికొచ్చాను. అతను రాలేదు.

నాకు ప్రాణం మిగిలింది, ముక్కు పోయింది. ఉప్పు, పులుపు, కారం నాలుకకు తెలిసేవి. వాసన అనేది లోకంలో లేనట్టే ఉండేది. చెబితే పొయ్యి దగ్గర్నుంచి తీసేస్తారు. మరి ఎందుకు పోయిందని ఎవరైనా అడిగితే, ఎప్పుడు జ్వరం వచ్చిందన్న ప్రశ్న కూడా వస్తుంది. అందుకని నోరు మూసుకున్నాను. చేతి లెక్కతో, కంటి లెక్కతో వండాను. వడ్డించేచోట నిలబడి తినేవాళ్ళ మొహాలు చూసేవాణ్ణి. మేస్త్రి గారు మారిపోయారు, ఇప్పుడు అందరి బాగోగులూ చూస్తున్నారు అని చెప్పుకున్నారట. నేను చూసేది వాళ్ళకు కూర బాగుందో లేదోనని.

ఒక పొద్దున్న గిన్నెలు తోమే ఆవిడ నా భుజం పట్టుకుని వెనక్కి లాగింది. "గేసు వాసన గుప్పుమంతంది, అగ్గిపుల్ల గీత్తన్నారేటండి?" అంది. చూస్తే నా చేతిలో పుల్ల, పెట్టె ఉన్నాయి. పైపు చీలి ఉంది. తెలుసు, అదే చూస్తున్నాను అన్నాను. ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి వెళ్ళిపోయింది. అయినా చెప్పలేదు.

అలా ఉండగా కొత్త యంత్రం బిగించడానికి విదేశం నుంచి ఇంజనీర్లు వస్తున్నారని తెలిసింది. వాళ్ళది బౌద్ధుల శాకాహారం. మాంసం, గుడ్డు సరే, ఉల్లి, వెల్లుల్లి, ఇంగువ కూడా తగలకూడదు. మా క్యాంటీన్ మేనేజర్ నాకంటే చిన్నవాడు, మంచివాడు. భీమిలి దాటాక ఒక చిన్న బౌద్ధ విహారం ఉందని, అక్కడ ఒక భిక్షుణి ఆరు రోజులు వంట నేర్పుతుందని ఎవరో చెబితే నా పేరు రాయించాడు. నలభై ఏళ్ళు మాంసం వండినవాణ్ణి అక్కడికి పంపడం అతనికి తమాషాగా అనిపించింది. నాకు భయం వేసింది. కొత్త వంట నేర్చుకోవాలంటే ముక్కు కావాలి.

పొద్దున్నే బస్సులో వెళ్ళేవాణ్ణి. విహారం సరుగుడు తోట వెనక ఎత్తు మీద ఉంది. చిన్న గుడిలాంటి గది, దాని వెనక రేకుల కప్పుతో పొడవాటి వంటగది. కిటికీలోంచి సముద్రం కనిపించేది కానీ చప్పుడు వినిపించేది కాదు. గాలి లేని రోజుల్లో ఆ అలలు చూస్తుంటే చెవులకు కూడా ఏదో అయిందేమోనని నాకు అనుమానం వచ్చేది.

నేర్చుకోవడానికి ఆరుగురం వచ్చాం. నా పక్క పొయ్యి ఒక రిటైరైన నర్సుది, నా కుడివైపు. ఎడమవైపు ఇంకో పొయ్యి ఉంది, దాని ముందు ఎవరూ లేరు.

నేర్పే ఆవిడకి డెబ్భై దాటి ఉంటాయి. ఎలమంచిలి దగ్గర పల్లెటూరి మనిషి. వయసులో ఉండగానే ఇల్లు వదిలి, ఎక్కడో తూర్పు దేశాల మఠాల్లో వంట చేస్తూ బతికి, ముసలితనంలో తిరిగొచ్చింది. అన్నేళ్ళు తిరిగినా మాట మాత్రం ఎలమంచిలిదే. అందరం అమ్మా అనేవాళ్ళం.

అక్కడ రెండు పద్ధతులుండేవి. పొయ్యి వెలిగించిన దగ్గర్నుంచి భోజనం అయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు. వండినదాంట్లో మొదటి ముద్ద తీసి, గుమ్మం అవతల ఉన్న నల్ల రాయి మీద పెట్టాలి. ఎవరికని నర్సు మొదటి రోజే అడిగింది. తినాల్సినవాళ్ళకి అని మాత్రం చెప్పింది అమ్మ. వెల్లుల్లి ఎందుకు వాడకూడదో కూడా ఆ రోజే చెప్పింది. మనసు చెదురుతుందని పెద్దలంటారట. ఆమె గురువు ఇంకో మాట చెప్పేవాడట. ఆకలి తీరకుండా పోయినవాళ్ళకు ఆ వాసన దారి చూపిస్తుందని, అది తిన్నవాళ్ళ మూతి దగ్గరికి వచ్చి నిలబడతారని. అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. "నాను సూడనేదు. అయినా ఎందుకొచ్చిన గొడవని మానీసినాను," అంది.

రెండో రోజు నువ్వులు వేయించే పని నాకిచ్చింది. నేను కిటికీలోంచి చూస్తూ కలుపుతున్నాను. ఆవిడ వచ్చి నా చేతిలోంచి మూకుడు దించేసింది. నువ్వులు నల్లగా మాడిపోయి ఉన్నాయి. గది నిండా పొగ. నర్సు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఉంది. అమ్మ నా మొహం వైపు చూసి, మళ్ళీ నువ్వులు పోసి, ఈసారి నర్సుకి ఇచ్చింది. ఆవిడకి తెలిసిపోయిందని నాకు అర్థమైంది.

మూడో రోజు ఆనపకాయ ముక్కలు తరుగుతుంటే నాకు వాసన వచ్చింది.

రెండేళ్ళ తర్వాత మొదటిసారి. కత్తి ఆగిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తగ్గిపోయింది, నా ముక్కు బాగైపోయింది అనుకున్నాను. పక్కనున్న అల్లం తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. కరివేపాకు నలిపి చూశాను. ఏమీ లేదు. గుడిగదిలోంచి అగరుబత్తి పొగ తేలుతూ వస్తోంది, అది కంటికి కనపడుతోందే తప్ప వాసన లేదు. వస్తున్నది ఒక్కటే. పొట్టుతో చితక్కొట్టిన వెల్లుల్లి, ఎండుమిర్చి, నూనెలో మాడబోయే ముందు క్షణం.

ఆ వంటగదిలో వెల్లుల్లి లేదు. ఆ ఎత్తు మీద ఇంకో ఇల్లు లేదు. కుడివైపు తిరిగితే వాసన తగ్గింది. ఎడమవైపు తిరిగితే మొహం మీదికి వచ్చింది. ఖాళీ పొయ్యి దగ్గర్నుంచి వస్తోంది. వెళ్ళి దాని మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

నాలుగో రోజు తలుపు దగ్గరి పొయ్యికి మారాను. వాసన నాతో మారింది. అప్పుడూ ఎడమ పక్కనే. భోజనాలయ్యాక నర్సుని పక్కకు పిలిచి, మా బంధువు ఒకాయన సంగతని చెప్పి అడిగాను. కరోనా తర్వాత కొందరికి లేని వాసనలు వస్తాయని, ఎక్కువగా కాలిన వాసనో కుళ్ళు వాసనో ఉంటుందని, నరాలు తిరిగి అతుక్కునేటప్పుడు అలా జరుగుతుందని చెప్పింది. నాకు కొండంత ఊరట కలిగింది. బస్సులో ఇంటికి వస్తూ, నరాలు, నరాలు అనుకుంటూ కూర్చున్నాను. ఆ బస్సులో కూడా ఎడమవైపు నుంచి ఆ వాసన వస్తూనే ఉంది.

ఐదో రోజు పనసకాయ కూర. గదిలో గరిటెల చప్పుడు తప్ప ఏమీ లేదు. అమ్మ గుమ్మంలోంచి లోపలికి వస్తూ ఆగింది. తల పైకెత్తింది. ఆవిడ పద్ధతిని ఆవిడే తప్పి, అందరూ వినేలా మాట్లాడింది.

"ఎవులు ఎల్లుల్లి ఏపుతన్నారు?"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ వేపడం లేదు. నర్సు గాలి పీల్చి, తనకేమీ తెలియడం లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. మిగతావాళ్ళూ అంతే. అమ్మ మెల్లగా నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. నన్ను దాటి, నా ఎడమ పక్కన ఒక మనిషి పట్టేంత జాగా వదిలి, దాని అవతల నిలబడింది. ఆ జాగాలోకి అడుగు పెట్టలేదు. తర్వాత నన్ను బయటికి రమ్మని సైగ చేసింది.

నల్ల రాయి పక్కన నిలబడ్డాం. ఎన్నాళ్ళ నుంచి వస్తోందని అడిగింది. మొన్నటి నుంచి అని చెప్పాను.

"నాకీ పొద్దే తెలిసింది. నలబయ్యేల్లయిపోనాది నాను ఎల్లుల్లి ముట్టి. అదెవుల సెయ్యో నీకు తెలుసును కదా?"

అప్పుడు చెప్పాను. జ్వరం, మాత్ర, గరిటె, రెండు రోజులు, అన్నీ. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఊరడించనూ లేదు.

"ఆడి ఇంటోల్లకి సెప్పేవా?"

"నేదండి."

"వాసన తెల్దని నీ కేంటీనోల్లకి సెప్పేవా?"

"నేదండి."

ఆవిడ రాయి వైపు తిరిగింది. "రెండు మాటలు నోట్లో ఎట్టుకుని నలుగురికీ వంట సేత్తన్నావు. ఆడు ఆకలితోటి వచ్చేడో, మాట కోసం వచ్చేడో నాకు తెల్దు బాబూ. నాకూ కనపడ్డు. ఎల్లి సెప్పు. సెప్పేక ఏటవుద్దో, అదీ తెల్దు."

ఆరో రోజు క్లాసు పూర్తయింది. నేను వండినదాంట్లో మొదటి ముద్ద రాయి మీద పెట్టి దణ్ణం పెట్టాను. అలాంటివి మా ఇంట్లో లేవు. ఏమనుకుంటూ పెట్టానో కూడా నాకు గుర్తు లేదు. వాసన మాత్రం నాతోపాటే బస్సెక్కింది.

రెండు మాటల్లో సులువైనది ముందు చెప్పాను. మర్నాడు మేనేజర్ గదికి వెళ్ళి నాకు వాసన తెలియదని, రెండేళ్ళుగా తెలియదని, గ్యాసు రోజున ఏం జరిగిందో కూడా చెప్పాను. అతను కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. నా వైపు తిరిగాక, ఇకమీదట నేను పొయ్యి వెలిగించకూడదని, వండేవాళ్ళ వెనక నిలబడి చెప్పడం వరకే నా పని అని అన్నాడు. కోపంగా అనలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది. రోజూ పొద్దున్న పొయ్యి వెలిగించే ముందు గిన్నెలు తోమే ఆవిడ వచ్చి వాసన చూసి సరే అనేది. నాకేసి మాత్రం చూసేది కాదు.

రెండో మాట రేపు, ఎల్లుండి అని వాయిదా వేశాను. ఇంజనీర్లు వచ్చారు కదా, వాళ్ళు వెళ్ళాక అనుకున్నాను. వంట బాగానే కుదిరింది. విహారంలో నేర్చుకున్న పనసకాయ, నువ్వుల పొడి, అల్లంతో చేసిన ఆనపకాయ పులుసు రోజూ అడిగి తిన్నారు. వాళ్ళలో ఒక పెద్దాయన ఉండేవాడు, తెల్లటి జుట్టు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. తినే ముందు నాలుగు మెతుకులు తీసి కంచం పక్కన పెట్టేవాడు.

ఆఖరి రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్ళందరూ మా దగ్గరికొచ్చి వీడ్కోలు చెప్పారు. నేను వంటగది గుమ్మంలో ఒక్కణ్ణే నిలబడ్డాను. మిగతా వంటవాళ్ళు లోపలున్నారు. ఆ పెద్దాయన నా ముందుకొచ్చి రెండు చేతులూ జోడించి వంగాడు. నేనూ వంగాను. ఆయన నిటారుగా అయ్యి, ఒక అడుగు పక్కకి వేసి, నా ఎడమ పక్కనున్న ఖాళీ వైపు తిరిగి, అంతే మర్యాదగా మళ్ళీ చేతులు జోడించి వంగాడు. కాసేపు వంగే ఉన్నాడు. తర్వాత వెళ్ళి బస్సెక్కాడు.

లోపలున్నవాళ్ళకు మొక్కాడేమో. వాళ్ళ పద్ధతి అదేనేమో. ఆ మాట అడగడానికి నాకు వాళ్ళ భాష రాదు. వచ్చినా అడిగేవాణ్ణి కాదు.

మర్నాడు సెలవు పెట్టి సబ్బవరం వెళ్ళాను. వాళ్ళ ఊరు అక్కడి నుంచి ఆటోలో వెళ్ళాలి. పోయిన మనిషి భార్య వాకిట్లో కూర్చుని వేరుశనగకాయలు ఒలుస్తోంది. అతను నన్ను బావా అనేవాడు కనుక ఆమె నన్ను అన్నయ్య గారూ అనేది. నన్ను చూడగానే లేచి కుర్చీ వేసి, మంచినీళ్ళు తెచ్చింది. కర్మకాండలప్పుడు కూడా నేను రాలేదని ఒక్క మాట అనలేదు. వాసన నా పక్కనే ఉంది. ఆటో దిగిన దగ్గర్నుంచీ ఇంకా ఎక్కువగా ఉంది.

నీళ్ళు తాగకుండానే మొదలుపెట్టాను. నాకు ముందు జ్వరం వచ్చిందని, దాచానని, నా వల్లే అతను పోయాడని చెప్పాను. వాసనల సంగతి ఏదీ చెప్పలేదు, పిచ్చివాణ్ణనుకుంటుందని. నేను చెప్పడం అయ్యేసరికి ఆమె చేతిలో కాయ అలాగే ఉంది. దాన్ని ఒలిచి గింజలు చేటలో వేసింది.

"మీకంటే ముందే ఆయనకి జొరమండి, అన్నయ్య గారూ. రెండ్రోజులు ముందే. మాత్రేసుకుని డూటీకి వచ్చీవోడు. బావకి సెప్పకే, తెలిత్తే ఇంటికి పంపేత్తాడు, ఒక్కడూ సేసుకోలేడు అనీవోడు. ఆస్పత్రిలో సేరేక ఫోన్లో అదే గోల. నానే అంటించేసినాను, బావ ఉన్నాడా, పోయేడా, కనుక్కోయే అని."

ఆమె కాయలు ఒలుస్తూనే ఉంది.

ఆఖరి రోజు ఫోన్‌లో అతను తెలివిగానే మాట్లాడాడని, కానీ ఒక వింత మాట అన్నాడని చెప్పింది. ఏ వాసనా తెలియడం లేదు, వెల్లుల్లి వేపిన వాసన ఒక్కటే వస్తోంది, ఈ ఆసుపత్రిలో ఎవరు వేపుతున్నారో కనుక్కోమన్నాడట. అతనికి మతి తప్పిందని ఆమె అనుకుంది. సరే కనుక్కుంటాను అందట.

ఆ మాట ఆమె నోట్లోంచి వస్తుండగానే నా పక్కనున్న వాసన ఆగిపోయింది. మెల్లగా తగ్గలేదు. మూత పెట్టినట్టు ఆగింది. నేను ఎడమవైపు తిరిగి చూశాను. అరుగు, దాని మీద ఎండ, అంతే. ఎందుకు తిరిగానని ఆమె అడగలేదు. ఆమె కూడా అటే చూసింది.

అప్పుడు నాకు ఏదో తేలికపడుతుందని అనుకున్నాను. ఇన్నాళ్ళూ నాదనుకున్న తప్పు నా ఒక్కడిదే కాదట కదా. ఆమె నా మొహంలో అది కనిపెట్టిందో ఏమో, చేట పక్కన పెట్టి నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"ఇద్దరిలో ఒకలు నోరిప్పుంటే మొదటి రోజే ఇద్దర్నీ ఇంటికి పంపీసుందురు. నా మనిషి ఉండును." చేట మళ్ళీ దగ్గరికి లాక్కుంటూ అంది. "ఇప్పుడొచ్చి నాకు సెప్తే నానేటి సేసుకుంటానండి? పనిలో ఉన్నోల్లకి సెప్పండి."

అన్నం పెట్టింది. తిన్నాను. సాయంత్రం బస్సుకి తిరిగొచ్చేశాను.

ఆ ఏడాదే రిటైరయ్యాను. నా ముక్కు బాగవలేదు. ఆ ఒక్క వాసన కూడా మళ్ళీ రాలేదు. అప్పుడప్పుడూ హోటళ్ళవాళ్ళు, కొత్తగా క్యాంటీన్ పెట్టేవాళ్ళు వచ్చి వంట గురించి సలహాలడుగుతారు. చెప్తాను. ముందు మాత్రం ఒక పొద్దున్న నాకు ఒళ్ళు వెచ్చబడిన సంగతి చెప్తాను. మేము పోపు గురించి అడిగితే ఈయన జ్వరం గురించి మొదలెట్టాడేమిటని కొందరు గడియారం చూసుకుంటారు. చూసుకోనిస్తాను. అది పూర్తయ్యాకే పోపు దగ్గరికి వస్తాను.